ఫ్లూ టీకా, బి27 జన్యువు, వాచిన మోకాలు: ఏది దేనివల్ల?

మీరు రాసినదాంట్లో ముఖ్యమైన సంగతులు ఇవీ. వయసు 34. ఫ్లూ టీకా వేయించుకున్న తొమ్మిదో రోజున కుడి మోకాలు, ఎడమ మడమ వాచాయి. ల్యాబ్ రిపోర్టులో హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్ వచ్చింది. అమ్మగారికి రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. "ఆ జన్యువు మీ ఇంట్లోనే ఉంది, టీకా దాన్ని నిద్రలేపింది" అని ఎవరో చెప్పారు. ఇక ఫ్లూ టీకా జోలికి పోకూడదా, తమ్ముడికి కూడా జన్యు పరీక్ష చేయించాలా అన్నవి మీ ప్రశ్నలు.

జన్యువుకూ కీళ్లజబ్బుకూ ఉన్న బంధం గట్టిదే. టీకాకూ మీ మోకాలికీ ఉన్న బంధం మాత్రం చాలా పలుచన. టీకా మానక్కర్లేదు, తమ్ముడికి ఇప్పుడు పరీక్ష అక్కర్లేదు. కానీ ఆ మోకాలు ఎందుకు వాచిందో తేల్చుకోవాలి. నింద టీకా మీదికి తోసేస్తే అసలు కారణం వెతకడం ఆగిపోతుంది. ఇలాంటి కేసుల్లో జరిగే నష్టమల్లా అదే.

ముందు ఆ రిపోర్టు సంగతి. బి27 అనేది ఆరో క్రోమోజోమ్ మీద ఉండి, ఒంటి రక్షణ వ్యవస్థకు పనికొచ్చే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఒక రకం. కణం లోపలి ప్రొటీన్ ముక్కలను పైకి తెచ్చి టి-కణాలకు (ఒంటికి కాపలా కాసే తెల్లరక్తకణాలకు) చూపించడం దాని పని. వెన్నెముకను పట్టేసే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో దానికి సంబంధం ఉందని 1973లోనే బయటపడింది. ఆ జబ్బు ఉన్నవాళ్లలో చాలా దేశాల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా బి27 పాజిటివ్‌గా ఉంటారు. అటువైపు నుంచి చూస్తే లెక్క వేరు. బి27 ఉన్న వందమందిలో ఆ జబ్బు వచ్చేది ఏ కొద్దిమందికో, ఐదారుగురికి మించి ఉండరు. మిగతావాళ్లు ఆ జన్యువు తమకుందని తెలియకుండానే బతికేస్తారు. కాబట్టి 'పాజిటివ్' అన్న మాట ఒక్కటీ జబ్బు నిర్ధారణ కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పరీక్షను ఫ్లో సైటోమెట్రీ పద్ధతిలో (కణాల మీది ప్రొటీన్‌ను యాంటీబాడీలతో గుర్తుపట్టే పద్ధతి) చేస్తే, బి7 అనే చుట్టం జన్యువు ఉన్నవాళ్లకు కూడా ఒక్కోసారి పాజిటివ్ అని వస్తుంది. రిపోర్టు అడుగున ఏ పద్ధతో రాసి ఉంటుంది. ఫ్లో సైటోమెట్రీ అని ఉండి, ఫలితం హద్దుకు దగ్గరగా ఉంటే జన్యువునే నేరుగా చూసే పీసీఆర్ పద్ధతిలో ఒకసారి సరిచూసుకోవాలి.

అమ్మగారి జబ్బుకూ మీ బి27కూ లంకె పెట్టకండి. రుమటాయిడ్‌కు సంబంధించిన ప్రధాన జన్యువు డీఆర్‌బీ1. అదీ అదే క్రోమోజోమ్ మీద ఉంటుంది, కానీ వేరే గది, వేరే తాళం. ఆ ప్రొటీన్‌లో 70 నుంచి 74 వరకు ఉన్న ఐదు అమైనో ఆమ్లాల వరుస ఒక ప్రత్యేక తీరులో ఉన్నవాళ్లకు రుమటాయిడ్ ముప్పు పెరుగుతుందని 1987లో ప్రతిపాదించారు. 'షేర్డ్ ఎపిటోప్' అంటారు దాన్ని. 04:01, 04:04, 04:05, 10:01 లాంటి రకాలు ఈ కోవలోవే. ఇక పాశ్చాత్య పుస్తకాల్లో కనిపించే పీటీపీఎన్22 అనే ఇంకో జన్యువులోని మార్పు మన ఉపఖండంలో అరుదు. విదేశీ జీన్ కిట్ రిపోర్టులో అది నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

వంశపారంపర్యం బలం ఎంతో కవలలను చూస్తే తెలుస్తుంది. బ్రిటన్‌లో చూసిన లెక్కల్లో, అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి రుమటాయిడ్ ఉంటే రెండోవాళ్లకూ ఉండటం సుమారు 15 శాతం. మామూలు కవలల్లో సుమారు 4 శాతం. జన్యువు పాత్ర ఉందనడానికి ఆ తేడా చాలు. జన్యువే సర్వస్వం కాదనడానికి మిగిలిన 85 శాతం చాలు. ఆ మిగతాదాంట్లో రుజువైన పెద్ద దోషి పొగ. షేర్డ్ ఎపిటోప్ ఉన్నవాళ్లు సిగరెట్లు తాగితే, సొంత ఒంటి ప్రొటీన్ల మీదికే తిరిగే సీసీపీ యాంటీబాడీలున్న రుమటాయిడ్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు చూపించారు.

ఇప్పుడు మీ అసలు అనుమానానికి వద్దాం. జన్యువు సిద్ధంగా ఉన్న ఒంట్లో టీకా అగ్గిపుల్ల అవుతుందా? ఊహగా చూస్తే అసంబద్ధమేమీ కాదు. టీకా పడగానే ఐఎల్-6, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ లాంటి, వాపుకు కారణమయ్యే రసాయనాలు కొద్దిగా పెరుగుతాయి, అది దాని పనిలో భాగమే. అందుకే దీన్ని పనిగట్టుకుని పరీక్షించారు. పొగ సంగతి తేల్చిన ఆ స్వీడన్ 'ఐరా' అనే అధ్యయనంలోనే 1996–2006 మధ్య కొత్తగా రుమటాయిడ్ వచ్చిన 1,998 మందినీ, జబ్బులేని 2,252 మందినీ పోల్చారు. జబ్బు మొదలవడానికి ముందు ఐదేళ్లలో ఏదైనా టీకా వేయించుకున్నారా అని అడిగారు. ముప్పు నిష్పత్తి 1.0 వచ్చింది, అంటే తేడా లేదు. మీకు పనికొచ్చే ముక్క ఆ తర్వాతది: షేర్డ్ ఎపిటోప్ ఉన్నవాళ్లనూ, పొగతాగేవాళ్లనూ విడిగా తీసి చూసినా టీకా వల్ల ముప్పు పెరగలేదు. జన్యువు సిద్ధంగా ఉన్న మనుషుల్లోనే అగ్గిపుల్ల గీసి చూశారన్నమాట, అంటుకోలేదు. ఇది రుమటాయిడ్ గురించి. బి27 కోవ జబ్బుల మీద ఇంత పెద్ద లెక్కను మీ ముందు పెట్టలేను.

"జన్యువూ ఫ్లూ టీకా కలిసి కీడు చేసిన సందర్భమే లేదా?" అంటే ఉంది, దాన్ని దాచకూడదు. 2009–10 స్వైన్‌ఫ్లూ సమయంలో యూరప్‌లో వాడిన పాండెమ్రిక్స్ టీకా తర్వాత ఫిన్లాండ్, స్వీడన్‌లలో పిల్లల్లో నార్కొలెప్సీ (పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) కేసులు పెరిగాయి. ఆ జబ్బు పడినవాళ్లలో దాదాపు అందరికీ డీక్యూబీ1*06:02 జన్యువు ఉంది. 2010 ఆగస్టులోనే ఆ దేశాలు గంట కొట్టాయి. అది నిద్రకు సంబంధించిన జబ్బు, కీళ్లది కాదు. ఆ టీకాలో టీకా ప్రభావాన్ని పెంచడానికి కలిపే ఏఎస్03 అనే పదార్థం ఉండేది, మామూలుగా వేసే ఏటేటా ఫ్లూ టీకాలో అది ఉండదు. స్టాక్‌హోమ్ ప్రాంతంలో ఆ పాండెమ్రిక్స్ వేయించుకున్న పది లక్షల పైచిలుకు జనాన్ని రికార్డుల్లో వెంబడిస్తే రుమటాయిడ్ కేసులు పెరగలేదని తేలింది. బహు అరుదైన నార్కొలెప్సీనే పట్టుకున్న జల్లెడ, అంతకన్నా ఎంతో సాధారణమైన కీళ్లవాతాన్ని జారవిడవడం కష్టం.

టీకాతో కీళ్లవాపు నిజంగా వచ్చే ఉదాహరణ రుబెల్లా. రుబెల్లా నిరోధకత లేని వయోజన స్త్రీలకు ఆ టీకా వేస్తే నలుగురిలో ఒకరికి కీళ్లనొప్పి, పదిమందిలో ఒకరికి వాపు వస్తుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో మొదలై, ఎక్కువమందిలో మూడు వారాల లోపే సర్దుకుంటుంది. కారణం, అందులో బతికున్న, బలహీనపరచిన వైరస్ ఉంటుంది, అది ఒంట్లో పెరుగుతుంది. మీకు చేతికి సూదితో వేసిన ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ లేదు. అర మిల్లీలీటరు ద్రవంలో, ఒక్కో రకం వైరస్‌కు 15 మైక్రోగ్రాముల హీమగ్లూటినిన్ ప్రొటీన్ ఉంటుంది, అంతే. కీలులోకి చేరి పెరగడానికి అందులో ఏమీ లేదు.

మరి తొమ్మిదో రోజునే ఎందుకు? ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. పెద్దవాళ్లలో ఏటా లక్షకు 40 మందికి కొత్తగా రుమటాయిడ్ వస్తుందనుకుందాం. పది లక్షల మందికి ఒకే రోజు టీకా వేస్తే, టీకా బదులు ఉప్పునీళ్లు ఎక్కించినా సరే, తర్వాతి నాలుగు వారాల్లో సుమారు 30 మందికి రుమటాయిడ్ మొదలవుతుంది. ఆ 30 మందీ "టీకా తర్వాతే వచ్చింది" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, క్యాలెండర్ అలాగే చెబుతుంది.

దీన్ని తేల్చడానికి ఒక చిన్న కిటుకు ఉంది. యాంటీ-సీసీపీ పరీక్ష చేయించండి. నెదర్లాండ్స్ రక్తదాతల నిల్వ నమూనాలు తిరగేస్తే, కొందరిలో జబ్బు బయటపడటానికి పదేళ్లకు పైగా ముందే ఈ యాంటీబాడీలు రక్తంలో కనిపించాయి. సగటున నాలుగైదేళ్ల ముందు. టీకా వేసిన రెండో వారంలోనే సీసీపీ విలువ సాధారణ హద్దుకు మూడు రెట్లు దాటి ఉంటే, జబ్బు విత్తనం టీకా కంటే చాలా ముందు పడిందనే అర్థం. జన్యు పరీక్ష చెప్పలేని విషయం ఈ ఒక్క పరీక్ష చెబుతుంది, ఖర్చూ తక్కువే. డీఆర్‌బీ1 టైపింగ్ మాత్రం చేయించకండి. ఖరీదు ఎక్కువ, దాన్ని బట్టి మారే వైద్యం ఏదీ లేదు.

టీకా తర్వాత వచ్చే నొప్పుల్లో ఏది టీకాదో పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు. మొదటి 48 గంటల్లో ఒళ్లంతా, కీళ్లంతా సలుపు, కొద్దిగా జ్వరం వచ్చి, వాపు లేకుండా రెండు మూడు రోజుల్లో పోతే అది టీకాదే. పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు, రోజుకు మొత్తం 3 గ్రాములు దాటకుండా సరిపోతుంది. నొప్పి రాకముందే ముందుజాగ్రత్తగా మింగొద్దు. రెండో రకం, సూది వేసిన భుజమే 48 గంటల్లోపు పట్టేసి, చెయ్యి పైకెత్తనివ్వకుండా వారాల తరబడి ఉండటం. ఇది కూడా టీకా ప్రక్రియ వల్ల వచ్చేదే, కానీ జన్యువు వల్ల కాదు, సూది మరీ పైన పడటం వల్ల. భుజం ఎముక అంచుకు రెండు మూడు వేళ్ల వెడల్పు కిందికి, డెల్టాయిడ్ కండరం మందంగా ఉన్నచోట, నిటారుగా సూది దిగాలి. అంతకన్నా పైన గుచ్చితే మందు కండరంలోకి పోకుండా కీలు పక్కనున్న బర్సా సంచిలో పడుతుంది. అరవై నుంచి డెబ్భై కిలోల మనిషికి అంగుళం సూది చాలు. చొక్కా చెయ్యి సగం పైకి మడిచి వేయించుకుంటే సూది పైకి పోయే ప్రమాదం ఎక్కువ. భుజం మొత్తం బయటపెట్టండి, వేసేవాళ్లూ మీరూ కూర్చునే ఉండండి.

మీది ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. తొమ్మిదో రోజు, కాళ్లలో, ఒకవైపు మోకాలు, ఇంకోవైపు మడమ. ఇది బి27 మనుషుల్లో ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రియాక్టివ్ ఆర్థ్రైటిస్ వేషం. కాబట్టి వెనక్కి నాలుగు వారాలు తిరిగి చూసుకోండి: విరేచనాలయ్యాయా? మూత్రంలో మంట ఉందా? సాల్మొనెల్లా, షిగెల్లా, కాంపైలోబాక్టర్, క్లమీడియా ఇన్ఫెక్షన్లు తగ్గిపోయిన ఒకటి నుంచి నాలుగు వారాలకు కీళ్లు వాస్తాయి. పెళ్లిభోజనం తర్వాత రెండు రోజులు కడుపు పాడైన సంగతి ఎవరూ డాక్టరుకు చెప్పరు, టీకా సంగతి మాత్రం తప్పకుండా చెబుతారు. కన్ను ఎర్రబడిందా, వేలు మొత్తం ఉబ్బిందా, తెల్లవారుజామున నడుం నొప్పితో మెలకువ వచ్చి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతోందా అన్నవి కూడా గమనించండి.

వానాకాలంలో ఆంధ్ర, తెలంగాణల్లో ఇంకో దోషిని ముందే పక్కన పెట్టాలి. అదే చికున్‌గున్యా. 2005 డిసెంబరులో మొదలై 2006లో దేశమంతా పాకిన ఆ జ్వరాన్ని అనుభవించిన ఊళ్లకు ఆ కీళ్లనొప్పులు కొత్త కాదు, కొందరికి నెలల తరబడి ఉండిపోయాయి. హఠాత్తుగా జ్వరం వచ్చి, మణికట్లు, చీలమండలు రెండువైపులా పట్టేస్తే దాన్నే ముందు అనుమానించాలి. మొదటి వారంలో పీసీఆర్, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేస్తారు. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ ముట్టుకోకూడదు, రక్తస్రావం ముప్పు ఉంది. పారాసెటమాల్ మాత్రమే.

యూరిక్ యాసిడ్ ఎక్కువుండి గౌట్ ఉన్నవాళ్లది వేరే సంగతి. ఏదైనా టీకా తర్వాతి రెండు రోజుల్లో గౌట్ పోటు వచ్చే అవకాశం రెండింతలు అవుతుందని ఒక అధ్యయనం చూపింది. యూరిక్ స్ఫటికాలు ముందే కీలులో పేరుకుని ఉంటాయి, టీకా వల్ల వచ్చిన కొద్దిపాటి కదలిక చాలు. అలాంటివాళ్లు యూరిక్ యాసిడ్ మందు ఆపకుండా వేసుకుంటూ టీకా వేయించుకోవాలి. యాభై దాటినవాళ్లకు రెండు భుజాలు, రెండు తుంట్లు పొద్దున్నే ముప్పావుగంటకు పైగా బిగుసుకుపోతే పాలీమయాల్జియా రుమాటికా అనుమానించాలి. దానితోపాటు కణతల్లో కొత్త తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, కన్ను పోయే ప్రమాదముంది.

ఇక మీరు చేయాల్సినవి. ఒక్క కీలు ఎర్రగా, వేడిగా ఉబ్బి, చలిజ్వరం ఉంటే ఈ చర్చంతా పక్కన పెట్టి ఇవాళే వెళ్లండి. కీలులో చీము పట్టి ఉండొచ్చు. సూదితో నీరు తీసి కణాలు లెక్కించి, కల్చర్‌కు పంపి, స్ఫటికాలు చూడాలి. అలాంటి ప్రమాదం లేకపోతే వారం లోపల రుమటాలజిస్ట్‌ను కలవండి. సీబీపీ, సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, ఆర్‌ఎఫ్, యాంటీ-సీసీపీ, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, మూత్ర పరీక్ష చాలు. టీకా వేసిన రెండో రోజు సీఆర్‌పీ చేయిస్తే టీకా వల్లే కాస్త పెరిగి కనిపిస్తుంది, అది చూసి కంగారు పడేవాళ్లున్నారు. మీకు ఆ దశ దాటిపోయింది కాబట్టి ఇప్పుడు పెరిగి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వాపు ఆరు వారాలు దాటితే, రుమటాయిడ్ అవునో కాదో తేల్చే మార్కుల లెక్కలో దానికి ఒక మార్కు కలుస్తుంది, అందుకే మొదలైన తేదీ రాసి పెట్టుకోండి. వాచిన కీలు ఫోటో రోజుకొకటి తీసి ఉంచితే డాక్టరు మీ మాట కన్నా దాన్ని ఎక్కువ నమ్ముతారు.

దయచేసి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డెక్సామెథాసోన్ సూది వేయించుకోకండి. రాత్రికి హాయిగా ఉంటుంది, రెండు రోజుల్లో వాపు దిగుతుంది, ఆ తర్వాత ఏ డాక్టరుకూ ఆ కీలు ఎందుకు వాచిందో పట్టుబడదు. లోపల చీము ఉంటే అది కూడా సద్దు చేయకుండా పెరుగుతుంది.

వచ్చే ఏడాది టీకా వేయించుకోండి. ఫ్లూ టీకా పూర్తిగా మానాల్సింది గతంలో ఆ టీకాకు ప్రాణాంతకమైన అలర్జీ వచ్చినవాళ్లు. ఫ్లూ టీకా వేసిన ఆరు వారాల్లో గులియన్-బారీ (నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చినవాళ్లు ఆలోచించి వేయించుకోవాలి. కీళ్లనొప్పి గానీ, బి27 గానీ, తల్లి కీళ్లవాతం గానీ ఈ జాబితాలో లేవు. టీకా వేసిన ప్రతిసారీ అదే గడువులో అవే కీళ్లు వాస్తే మాత్రం సంగతి మారుతుంది, అప్పుడు డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. ఒక్కసారి జరిగినదాన్ని బట్టి అంత దూరం పోకూడదు. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి–మార్చి మధ్య ఇంకోసారి పెరుగుతుంది. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే, మే నెలలో వేయించుకోవడం మంచిది. అమెరికాలో ఉన్నవాళ్లకు సెప్టెంబరు, అక్టోబరు సరైన సమయం.

అమ్మగారికి టీకా మరీ ముఖ్యం. ఆవిడ రుమటాయిడ్‌కు వాడే మెథోట్రెక్సేట్ మందు వారానికోసారి వేసుకుంటుంటే, జబ్బు అదుపులో ఉన్నప్పుడు, టీకా తర్వాత రెండు వారాల డోసులు ఆపమని 2022 అమెరికన్ రుమటాలజీ కాలేజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొరియాలో 316 మంది మీద చేసిన పరీక్షలో అలా ఆపినవాళ్లలో 75.5 శాతానికి, ఆపనివాళ్లలో 54.5 శాతానికి చాలినంత యాంటీబాడీ వచ్చింది. ముందు ఆపడం కాదు, టీకా వేసిన తర్వాత రెండు వారాలు. అదీ డాక్టరు సరేనంటేనే. స్టెరాయిడ్ మాత్రలు ఎంత మోతాదులో ఉన్నా టీకా వాయిదా వేయక్కర్లేదు, వాటిని సొంతంగా ఆపితే ప్రమాదం. రోగనిరోధక శక్తిని అణిచే రిటుక్సిమాబ్ మందు తీసుకునేవాళ్లు ఫ్లూ టీకా సమయానికే వేయించుకుని, వీలైతే ఆ మందు తర్వాతి డోసును టీకా తర్వాత రెండు వారాలు ఆగి తీసుకుంటారు. ముక్కులో కొట్టే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది, ఇలాంటి మందులు వాడేవాళ్లకు అది వద్దు.

తమ్ముడికి ఏ బాధా లేకపోతే బి27 పరీక్ష చేయించొద్దు. పాజిటివ్ వస్తే చేసేదేమీ లేదు, భయం మాత్రం మిగులుతుంది. నలభై ఐదేళ్లలోపు మొదలైన నడుంనొప్పి మూడు నెలలు దాటినా, విశ్రాంతిలో పెరిగి కదిలితే తగ్గుతున్నా, కన్ను మాటిమాటికీ నొప్పితో ఎర్రబడుతున్నా అప్పుడు చూద్దాం.

టీకా వల్ల కాదని నేను అనుకుంటున్నా సరే, దీన్ని నమోదు చేయించండి. నిర్ణయించాల్సింది టీకా దుష్ప్రభావాలను పరిశీలించే కమిటీ, మీరో నేనో కాదు. టీకా వేసిన ఆసుపత్రిలో చెప్పొచ్చు, లేదా ఔషధ దుష్ప్రభావాల హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఫోన్ చేయొచ్చు. ఫోన్ చేసే ముందు టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, ఏ చెయ్యి, వాపు మొదలైన రోజు, అంతకుముందు నెలలో వచ్చిన జ్వరం, విరేచనాలు, వాడిన మందులు ఒక కాగితం మీద రాసుకోండి. బ్యాచ్ నంబరు సిరంజి స్టిక్కరు మీద ఉంటుంది. మీ కార్డులో అతికించకపోతే ఆసుపత్రి రిజిస్టర్లోంచి అడిగి తీసుకోండి.